మైనస్ నూట పన్నెండు

వేడికి తట్టుకున్న ఫోను దేనికైనా తట్టుకుంటుందని నేను నమ్మేదాన్ని. నమ్మడమేమిటి, ఆన్‌లైన్ ఫోన్ల గ్రూపులో నలుగురితో వాదించి, వాళ్ళ నోళ్ళు మూయించి మరీ నమ్మేదాన్ని. నాకు ముక్కు మీద కోపం అంటారు మా ఇంట్లో. అది కొంతవరకే నిజం. నా లెక్క తప్పని ఎవరైనా అంటేనే నాకు ఒళ్ళు మండుతుంది, మిగతా వేళల్లో మంచిదాన్నే.

నేను కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద పింగాణీ పన్ను కట్టి, కొలిమిలో కాల్చి, వెంట్రుకవాసి మందం ఎక్కువున్నా గీకి సరిచేయడం నా పని. ఆ గీకే బుద్ధి ఫోన్ల దగ్గరా పోలేదు. ఫోను కొన్న వారానికే దాన్ని రూట్ చేస్తాను. అంటే కంపెనీ వేసిన తాళం తీసి, లోపల ఏది మార్చాలన్నా నా చేతిలో ఉండేలా చూసుకుంటాను. ఆ తర్వాత కెర్నెల్ మారుస్తాను. ఫోనులో ఏ పనికి ఎంత వేగం, ఎంత కరెంటు అని పంచిపెట్టే పెత్తందారు ఈ కెర్నెల్. కంపెనీ పెట్టిన పెత్తందారు ఒట్టి భయస్తుడు, ప్రతి పనికీ కావలసినదానికంటే కాస్త ఎక్కువ వోల్టేజీ ఇస్తాడు. నాలాంటివాళ్ళు వేరే కెర్నెల్ ఎక్కించి, ఓవర్‌క్లాక్ చేసి వేగం పెంచుతాం, లేదంటే అండర్‌వోల్ట్ చేసి ఆ అదనపు వోల్టేజీని కొంచెం కొంచెంగా కోసేస్తాం. ఎంత కోస్తే అంత బ్యాటరీ మిగులుతుంది. అత్యాశకు పోయి కోస్తే మాత్రం ప్రాసెసర్ లెక్క తప్పి ఫోను కొయ్యబారిపోతుంది. ఆ అంచు ఎక్కడుందో కనుక్కుని ఒక్క మెట్టు ఇవతల ఆగడంలోనే ఉంది పనితనమంతా.

మా గ్రూపులో ఒక పట్టిక ఉండేది. ఎవరు ఎన్ని మిల్లీవోల్టులు కోసి ఫోనును నిలబెట్టారో అందులో వరసగా రాసేవారు. మైనస్ తొంభై ఆరుతో నేను ఎనిమిది నెలలుగా రెండో స్థానంలో కూర్చుని ఉన్నాను. మొదటివాడిది మైనస్ నూట ఎనిమిది. వాడి పేరు కనబడితే చాలు, నాకు తిన్నది ఒంటబట్టేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అన్నయ్య ఫోను నా చేతికొచ్చింది.

అన్నయ్య కోల్డ్ స్టోరేజీలో పని చేస్తాడు. చేపలు, బఠానీలు, ఐస్‌క్రీములు దాచే గదులు తొమ్మిది. ఒక్కొక్కటి సినిమా హాలంత ఉంటుంది, లోపల సున్నాకి ఇరవై నాలుగు డిగ్రీలు కింద. రోజుకు మూడుసార్లు ఆ గదులన్నీ తిరిగి గోడల మీది మీటర్లు చూసి రాసుకురావడం అన్నయ్య ఉద్యోగం. అలా ఒంటరిగా లోపలికి వెళ్ళేవాళ్ళ ఫోన్లలో కంపెనీ ఒక యాప్ వేయించింది. పది నిమిషాలకోసారి ఫోను పక్కనున్న సౌండు బటన్ రెండుసార్లు నొక్కాలి. గ్లవ్స్ తీయనక్కర్లేదు. నొక్కకపోయినా, ఫోను ఆగిపోయినా కంట్రోల్ రూములో అలారం మోగుతుంది. చలికి బ్యాటరీ సగం షిఫ్టుకే అయిపోతోందనీ, సాయంత్రం దాకా వచ్చేలా చేసిపెట్టమనీ అన్నయ్య అడిగాడు.

మైనస్ అరవై చాలు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. అరవైకే ఆ ఫోను షిఫ్టు దాటి ఇల్లు చేరేది. కానీ అందులో పడిన ప్రాసెసర్ ముక్క మేలిరకం. ఒకే మోడలైనా ఒక్కో ముక్కది ఒక్కో ఓపిక. ఎనభై కోశాను, చలించలేదు. వంద కోశాను, అప్పుడూ అంతే. పళ్ళు కాల్చే కొలిమి పక్కనే బల్ల మీద పెట్టి, పరీక్ష యాప్‌తో ఆరు గంటలపాటు ఊపిరి సలపకుండా పని చేయించాను. మాకు తెలిసిన శత్రువు వేడి ఒక్కటే, అందుకని అంతకంటే కఠినమైన పరీక్ష ఉండదనుకున్నాను. నూట పదమూడు దగ్గర కూలింది, నూట పన్నెండు దగ్గర నిలబడింది. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టి మొదటి స్థానంలో కూర్చున్నాను. ఆ సాయంత్రమే ఫోను అన్నయ్య జేబులోకి వెళ్ళింది.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. ఫోను ఆన్ అయిన రెండు నిమిషాల తర్వాత గానీ నా వోల్టేజీలు అమల్లోకి రాకుండా గడువు పెట్టాను. ఏదైనా తేడా చేస్తే ఆ రెండు నిమిషాల్లో వోల్టేజీలు మార్చే నా యాప్ తెరిచి, అక్కడి టిక్ తీసి వాటిని ఆపేయవచ్చు. ఈ పని చేసేవాళ్ళందరూ పెట్టుకునే గడువే అది.

వారం తిరక్కుండానే అన్నయ్య, ఫోను అప్పుడప్పుడు కొయ్యబారుతోందనీ, పక్క బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ లేవడం లేదనీ అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. చూస్తానులే అని ఫోను లాక్కుని మళ్ళీ కొలిమి పక్కన నాలుగు గంటలు ఉతికాను. ఏమీ కాలేదు. నా లెక్కలో తప్పు లేదనీ, మీ కంపెనీ యాపే చెత్తదనీ తేల్చి చెప్పాను. అన్నయ్య తలూపి తీసుకెళ్ళాడు. ఫోన్ల విషయంలో నేను గీసిన గీత దాటడు. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు కాబట్టి అంతా సర్దుకుందనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఒకటిన్నరకు వదిన ఫోను చేసింది. అన్నయ్య గొంతు సవరించుకుంటే చాలు, లోపల ఏముందో చెప్పేయగల మనిషి వదిన. అటూ ఇటూ తిప్పి చివరికి అసలు సంగతికి వచ్చింది.

"నీతో అనొద్దన్నారు మీ అన్నయ్య. నాలుగు గంటలు కూర్చుని చూసింది, మళ్ళీ చెప్తే బాధపడుతుంది అని. ఫోను రోజూ ఆగిపోతోందట. ఆగినప్పుడల్లా అక్కడ అలారం మోగడం, సూపర్‌వైజరు తిట్టడం. లోపలి గదుల్లోకి వెళ్ళినప్పుడే ఆగుతోందట, బయటికొచ్చి బటన్ నొక్కితే లేస్తోందట. ఒక్కసారి చూడమ్మా."

లోపలి గదుల్లోకి వెళ్ళినప్పుడే. ఆ మాట దగ్గర నా చేతిలోని పన్ను జారి కింద పడింది.

ల్యాబులో మందులు దాచే చిన్న ఫ్రిజ్ ఉంది. నా పాత ఫోను, పట్టికలో తొంభై ఆరు తెచ్చిపెట్టినది, సంచిలోనే ఉంది. దాన్ని ఫ్రిజ్‌లో ఐసు పెట్టే అరలో పెట్టి తలుపు మూశాను. చల్లబడితే ప్రాసెసర్ ఇంకా హాయిగా పని చేయాలి కదా అని నాకు నేనే చెప్పుకుంటూ నిలబడ్డాను. పన్నెండో నిమిషంలో తీసి చూస్తే తెర నల్లగా ఉంది. ఏ బటన్ నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. నెట్‌లో వెతికాను. ఎవరో ఓపికగా రాసిపెట్టారు: వోల్టేజీ బాగా తక్కువగా ఉన్నచోట లెక్క తలకిందులవుతుంది, వేడికి కాదు, చలికి ప్రాసెసర్ మందగిస్తుంది. ఎనిమిది నెలలు గ్రూపులో అందరికీ పాఠాలు చెప్పాను, ఈ ఒక్క ముక్క చదవలేదు.

అన్నయ్యకు ఫోను చేశాను. స్విచాఫ్. కంట్రోల్ రూముకు చేశాను. సూపర్‌వైజరు ఎత్తాడు. మనిషి చెడ్డవాడేం కాదు, ఆ ఫోనుతో విసిగిపోయి ఉన్నాడంతే. తొమ్మిది రోజులుగా ఆ అలారం విని విని చెవులు చిల్లులు పడ్డాయనీ, అన్నయ్య నంబరుకు శబ్దం తీసేశాననీ, రౌండు అయ్యాక తనే బయటికొస్తాడనీ చెప్పాడు. ఎన్నింటికి లోపలికి వెళ్ళాడని అడిగాను. ఒకటీ ముప్పై అయిదుకు. మామూలుగా రౌండు ఎంతసేపు? ఇరవై నిమిషాలు. గోడ గడియారంలో రెండయింది.

"ఆ ఫోను పాడుచేసింది నేనేనండీ. యాప్ తప్పు కాదు, అన్నయ్య తప్పూ కాదు. వెంటనే ఎవరినైనా లోపలికి పంపించండి," అన్నాను.  సరే, చూస్తాను అన్నాడు. ఆ చూస్తాను ఎలాంటిదో నాకు తెలుసు, నేనూ అన్నయ్యతో అలాగే అన్నాను.

కోల్డ్ స్టోరేజీ మా ల్యాబుకు రెండు వీధుల అవతలే. ఏప్రన్ విప్పకుండానే పరుగెత్తాను. పరుగెత్తుతూనే అన్నయ్య నంబరు నొక్కుతున్నాను. ప్రతిసారీ అదే స్విచాఫ్ మాట. గేటు దగ్గర కాపలా మనిషి నా ఒంటి మీది పింగాణీ పొడి చూసి ఏ పిండిమర నుంచి వచ్చానో అనుకుని ఆపబోయాడు. నేను ఆగలేదు.

కంట్రోల్ రూములో బల్ల మీద పెద్ద తెర ఉంది. అందులో అన్నయ్య నంబరున్న గడి ఎర్రగా వెలుగుతూ ఆరుతూ ఉంది. శబ్దం మాత్రం లేదు. గది వివరం ఉంటుందేమోనని చూశాను, లేదు. నన్ను చూశాక సూపర్‌వైజరు ముఖం మారింది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరునీ ఇంకొకతన్నీ కోట్లు తొడుక్కోమని పంపించాడు. ఒకటో గది నుంచి వెతకడం మొదలుపెట్టమన్నాడు. రౌండు ఎటునుంచి మొదలుపెడతాడో అన్నయ్య ఇష్టం. ఒక్కో గదిలో పైకప్పు దాకా పెట్టెల వరసలు. ఫ్యాన్ల హోరులో కేక పెట్టినా వినబడదు. ఒక్కో గదికి నాలుగైదు నిమిషాలైనా పడుతుందని సూపర్‌వైజరు నా వైపు చూడకుండా చెప్పాడు.

రెండూ ఎనిమిదికి నా ఫోనులో రింగు వినబడింది. నేను ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను. రెండో రింగుకు ఎత్తాడు. టోపీ కింద ఎప్పుడూ ఇయర్‌ఫోన్స్ ఉంటాయి, తీగ మీది బటన్ నొక్కితే చాలు.

"ఇంజనీరమ్మా," అన్నాడు. నన్ను అలాగే పిలుస్తాడు. గొంతు వణుకుతోంది. "పెట్టెలు కూలాయే. ఎడమ కాలూ చెయ్యీ కింద ఉండిపోయాయి. నేను..."

"అన్నయ్యా, ఆగు, ముందు నేను చెప్పేది విను. రెండు నిమిషాల్లో ఫోను మళ్ళీ ఆగిపోతుంది. నేను పెట్టిన యాప్ తెరువు. అందులో టిక్ తీసేస్తే ఇంక ఆగదు, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు."

"గ్లవ్ ఉందే చేతికి."

"తీసెయ్. తొందరగా."

పళ్ళతో పట్టి పీకిన చప్పుడు వినబడింది. మూడో వరసలో నీలం బొమ్మ అన్నాను. తెరుచుకుంది అన్నాడు. కిందికి జరుపు, వోల్టేజీ అని ఉంటుంది అన్నాను. వేలు పెడితే తెర కదలడం లేదన్నాడు. మళ్ళీ పెట్టు, గట్టిగా కాదు, మెల్లగా, అని నేర్పుతున్నాను. చిన్నప్పుడు తను నాకు సైకిలు నేర్పినట్టు, ఎక్కడా విసుక్కోకుండా నేర్పుతున్నాను. కనబడింది అన్నాడు. దాని కింద చిన్న చతురస్రం, అన్నాను. అంతే, లైను తెగిపోయింది.

సూపర్‌వైజరు నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏ గదో అడిగావా అమ్మా?"

 అడగలేదు. నూట ఇరవై సెకన్లు నా చేతికిస్తే, మనిషి ఎక్కడున్నాడని కాకుండా ఫోను ఎలా బాగుచెయ్యాలని చెప్పుకుంటూ కూర్చున్నాను. తను చెప్పబోతుంటే నోరు మూయించాను. ఆ క్షణంలో నామీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. సూపర్‌వైజరు వాకీటాకీ తీసుకుని, మనిషికి దెబ్బ తగిలింది, పెట్టెల కింద ఉన్నాడు, త్వరగా వెతకండి అని మాత్రం చెప్పాడు.

తర్వాతి పన్నెండు నిమిషాలు నేను నంబరు నొక్కుతూనే ఉన్నాను. ఆ ఫోను దానంతటది లేవదు. అన్నయ్య పక్క బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి, ఒక్క చేత్తో, అదీ నేను గ్లవ్ తీయించిన చేత్తో. ఒకటో గదిలో లేడని వాకీటాకీలో వచ్చింది. రెండులో లేడు. అక్కడి గాలిలో తడి చెయ్యి ఇనుముకు తగిలితే చర్మం అంటుకుపోతుందని అన్నయ్యే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. స్విచాఫ్. మూడులో లేడు. సూపర్‌వైజరు అంబులెన్సుకు చేశాడు. స్విచాఫ్. వదిన నుంచి ఫోను వస్తోంది, కట్ చేశాను. లైను ఖాళీగా ఉండాలి. వదిన మళ్ళీ చేసింది, మళ్ళీ కట్ చేశాను. ఏం చెప్పాలో తెలియకే కట్ చేశానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

రెండూ ఇరవై రెండుకు రింగయింది. ఈసారి ఎత్తడానికి చాలాసేపు పట్టింది. ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

"ఏ గది?" అన్నాను.

"ఏడు." మాట ముద్దగా వచ్చింది. "వెనక గోడ. చేపల పెట్టెలు."

ఏడు, వెనక గోడ అని నేను అరవడం, సూపర్‌వైజరు వాకీటాకీలో అదే మాట అరవడం ఒకేసారి జరిగాయి. ఆయన కోటు కూడా తొడుక్కోకుండా బయటికి పరుగెత్తాడు. లైనులో ఇంకా నిమిషం పైనే ఉంది.

"ఆ చతురస్రం నొక్కుతున్నానే," అన్నాడు అన్నయ్య. "వేలు నా మాట వినట్లేదు. నొక్కానో లేదో తెలియట్లేదు."

"వద్దు. దాని సంగతి వదిలెయ్. ఫోను పడెయ్. చెయ్యి కోటు లోపల పెట్టుకో."

"గ్లవ్ ఎక్కడ పడిందో కనబడలేదు. పర్లేదులే. నువ్వు కంగారు పడకు."

"అన్నయ్యా, తప్పు నాదే. అరవై చాలు ఆ ఫోనుకి. గ్రూపులో పేరు కోసం నూట పన్నెండు పెట్టాను."

 "ఫస్టు వచ్చావా?" అన్నాడు. నేను వచ్చానని చెప్పేలోపు లైను తెగిపోయింది.

ఆరు నిమిషాల తర్వాత ఫోర్క్‌లిఫ్ట్ మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. కనుబొమల మీద మంచు, పెదవులు నీలంగా ఉన్నాయి. కుడి చెయ్యి కోటు లోపలే ఉంది, నేను చెప్పిన మాట విన్నాడు. సూపర్‌వైజరు తన స్వెటరు విప్పి ఆ చేతికి చుట్టాడు. రుద్దవద్దని ఎవరో అరిచారు. నేను దగ్గరికి వెళ్ళాను గానీ ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. కాలికి రాడ్డు వేశారు. ఎడమ చెయ్యి వాచి తగ్గింది. కుడి చూపుడు వేలు రెండు కణుపుల మేర తీసేశారు, మధ్య వేలు కొసన కొంచెం. కోటు ఉంది కాబట్టి ప్రాణానికి ముప్పు లేకపోయిందనీ, గ్లవ్ ఉండుంటే వేళ్ళూ దక్కేవనీ డాక్టరు వదినతో చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. గ్లవ్ ఎందుకు తీశాడని డాక్టరు అడిగితే, అన్నయ్య నాకంటే ముందే అందుకుని, మీటరు రాసుకోవడానికి తీశానన్నాడు. వదిన నా ముఖం చూసింది. ఆవిడకు అబద్ధం పట్టుకోవడం ఎప్పుడూ కష్టం కాలేదు.  మర్నాడు నేనే అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అది న్యాయమే.

గ్రూపులో రాశాను. మైనస్ నూట పన్నెండు తప్పనీ, చలిలో నిలవదనీ, నా వరస తీసేయమనీ, అందరూ ఐసులో పెట్టి చూసుకోమనీ రాశాను. పట్టిక రాసేవాడు స్క్రీన్‌షాట్ సరిగానే ఉందనీ, నియమాల్లో చలి సంగతి లేదనీ జవాబిచ్చాడు. మళ్ళీ మళ్ళీ అడిగి విసిగిపోయి గ్రూపులోంచి వచ్చేశాను. నా పేరు ఇంకా పైనే ఉందని విన్నాను.

అన్నయ్య ఇంటికొచ్చిన రోజు ఫోను అడిగాడు. వదిన బీరువాలోంచి తీసి, నా వైపు చూడకుండానే నా చేతికిచ్చింది. నేను అక్కడే నేల మీద కూర్చుని, ఎక్కించినదంతా తీసేసి కంపెనీ కెర్నెల్ తిరిగి వేశాను. ఒక్క మిల్లీవోల్టు కూడా కోయలేదు. ఇక మీదట ఇది మధ్యాహ్నానికే అయిపోతుందని చెప్పాను. కొత్త బ్యాటరీ వేయించుకుంటాలే అన్నాడు. పిన్ కొట్టి అంతా సరిగ్గా ఉందో లేదో చూసి, తెర ఆర్పి ఇచ్చాను.

అలవాటు కొద్దీ వేలిముద్ర చోట కుడి చూపుడు వేలు పెట్టాడు. కట్టు కట్టిన మొద్దు అక్కడిదాకా అందలేదు. ఇంకాస్త ముందుకు జరిపి ఆనించాడు. వేలిముద్ర సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి అని తెర మీద వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. నేను తల దించుకున్నాను.

"చూశావటే, ఇంజనీరమ్మా," అన్నాడు. "ఇన్నేళ్ళు జేబులో పెట్టుకు మోశాను, ఇప్పుడు నన్నెరగనంటోంది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆస్పత్రిలో రానిదంతా అప్పుడొచ్చింది. వదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది, కాసేపటికి నా పక్కన కూర్చుంది. ముక్కు తుడుచుకుని సెట్టింగ్స్ తెరిచాను. పాత వేలిముద్ర చెరిపేయాలా అని ఫోను అడిగింది. అవును నొక్కడానికి చాలాసేపు పట్టింది. ఎడమ బొటనవేలు పెట్టమన్నాను. వాపు పూర్తిగా తగ్గక ఆ చెయ్యి నిలకడగా ఉండడం లేదు, అందుకని నేను పట్టుకున్నాను. పెట్టు, తియ్యి, మళ్ళీ పెట్టు అంటూ ఫోను పదిహేనుసార్లు అడిగింది. ప్రతిసారీ అన్నయ్య నేను చెప్పినట్టే పెట్టాడు.